పన్నెండోవాడు

వేలంశాలలో నా పని ఎత్తి పట్టుకోవడం.
శనివారం అమ్మకం, శుక్రవారం చూపులు.
పొద్దున్నే పెట్టె విప్పి
నలిగిన పాత పత్రికల్లోంచి
ఒక్కొక్క తలకాయా బయటికి తీశాను.
చేపలమ్మే ముసలమ్మ, దొంగచాటు వేటగాడు,
రేవు దాటించేవాడు, రాత్రి గస్తీవాడు.
అందరూ మెడదాకానే మనుషులు.
టోపీ నడినెత్తిన బావంత బోలు,
చెవి వెనక పిడి:
గస్తీవాడికి లాంతరు, వేటగాడికి చచ్చిన కుందేలు.
ఎవరి బతుకు వాళ్ళకి
చెవి పక్కనే మెలిదిరిగి.

లాంగ్టన్ నుంచి రెండు బస్సులు మారి
థెల్మా షఫుల్‌బాటమ్ వచ్చింది.
వానకోటు నీళ్ళోడుతుండగానే
గస్తీవాడి ముందు ఆగిపోయి
"వీడు నావాడు" అంది.
అమ్ముకుందేమో అనుకున్నాను,
ఎవరైనా ఎత్తుకుపోయారేమో అనుకున్నాను.
"కళ్ళు పెట్టాను" అంది.

పందొమ్మిదేళ్ళు కళ్ళే.
బుగ్గల ఎరుపు ఇంకొకామె, పెదాలు మరొకామె.
డజనుకింతని కూలి.
డజనంటే ఇరవై నాలుగు కళ్ళు.
"ముక్కు వంకరైతే అచ్చుది తప్పు,
చూపు వంకరైతే నాది."

గస్తీవాడి ఎడమ కన్ను
ఎదుట నిలబడ్డవాణ్ణి వదిలేసి
పక్కకి చూస్తోంది.
కేటలాగులో దానికి పేరు: అరుదైన లోపం.
అంచనా తొమ్మిది వందల పౌండ్లు.
"మూడు పెన్నీలు కోశారు" అంది,
నిన్న కోసినట్టు.

కుంచె జారిందా అని అడిగాను.

జారలేదట.
ఆమెకి ఎడమవైపు వినీ బర్చెల్ కుర్చీ.
కూలి పెంచమని నోరు తెరిచినందుకు
పదింటికి వినీని గేటు దాటించారు.
పదకొండింటికి గస్తీవాళ్ళ డజను వచ్చింది.
"పదకొండుమందిని నేరుగానే చూడనిచ్చాను.
పన్నెండోవాడికి చెప్పాను,
కాపలా కాసేవాడివి కదా,
ఒక్కడివైనా అటు చూడరా అని."

టోపీలోకి వేలు పెట్టి తిప్పింది.
వేలికి దుమ్ము.
"ఇన్నేళ్ళూ ఇందులో
ఎవరూ గుక్కెడు పోయలేదు" అని
వేలు కోటుకి తుడుచుకుంది.
బస్సు వేళ అడిగింది. వెళ్ళిపోయింది.

శనివారం ఆమె రాలేదు.
నూట పన్నెండో అంకె పిలిచారు.
రెండు చేతులా పట్టి ఎత్తాను.
పద్నాలుగు వందల దగ్గర
గదిలో చేతులన్నీ దిగిపోయాయి,
ఫోన్లో ఎవరో ఇంకా పెంచుతున్నారు.
వేలందారు సుత్తి దించి నా వైపు చూశాడు,
నేరుగా పట్టుకోవయ్యా, అటు తిప్పకు.

నేను నేరుగానే పట్టుకున్నాను.