ఊరికే, ముప్పై ఒకటి

అమ్మమ్మ పోయిన పదకొండో రోజున
అమ్మేద్దామని కారు తలుపు తీశాం.
డాష్‌బోర్డు అరలో
మూడు బార్లీ బిళ్ళలు, వక్కపొడి డబ్బా,
రబ్బరు బ్యాండు చుట్టిన ఎర్ర అట్ట నోటు పుస్తకం.
మూడు కార్లు మారినా పుస్తకం ఒకటే.

అబర్‌డేర్‌లో, యాభై రెండో ఏట
ఆవిడ స్టీరింగ్ పట్టింది.
అమ్మకి రాత్రి డ్యూటీలు, ఒళ్ళో నేను,
చివరి బస్సు ఏడింటికే కొండ దిగిపోయేది.
డాక్టరు తాతయ్యకి రోగులు కనపడతారు గానీ
రోడ్లు కనపడవు.

నాలుగుసార్లు తప్పింది.
మొదటిసారి రౌండబౌట్ చుట్టూ మూడుసార్లు తిరిగొస్తే
"ప్రదక్షిణలు సరే, దేవుడేడీ?" అన్నాడట తాతయ్య.
నాలుగోసారి పరీక్షాధికారి కాగితం మీద రాశాడు:
దారి ఇవ్వడం మరీ ఎక్కువ.
పాల బండికీ, గొర్రెకీ, ఇంకా మలుపు తిరగని లారీకీ
ఆగి, చెయ్యూపి, పొమ్మందట.
ఆ కాగితం మడిచి ఉప్పుడబ్బా కింద పెట్టుకుంది.
ఐదోసారి పాసై వచ్చి
ఎవరికీ ఏమీ చెప్పకుండా పప్పు తాలింపు వేసింది,
ఇంగువ కాస్త ఎక్కువగా.

పుస్తకం నిండా తెలుగు అంకెలు.
మాకెవరికీ రావు. అమ్మ వేళ్ళు ముడుస్తూ చదివింది.

"కౌముది ఆస్పత్రికి. పోనూ రానూ పన్నెండు.
పిల్లకి పన్ను పీకించడం. ఏడు. ఏడవలేదు.
శ్యామల్ ఇంటర్వ్యూ, కార్డిఫ్. నలభై ఎనిమిది.
రాదని వాడి నడకలోనే తెలిసింది. చిప్స్ కొనిపెట్టాను.
పక్కింటి గ్వెనిత్ మొగుడికి ఊపిరందలేదు.
మైళ్ళు చూసుకోలేదు.
ఆయన బూడిద, సముద్రానికి. యాభై నాలుగు.
వాన. వైపర్ ఒకటే పనిచేసింది."

మా ఇల్లంతా ఆ వెనక సీట్లోనే పెరిగింది.
నేను ఎక్కాలు నేర్చుకుందీ, వాంతి చేసుకుందీ అక్కడే.
తొమ్మిదో ఎక్కం ఎప్పుడూ
రెండో గేరు దగ్గర తెగిపోయేది.
బ్రేకు వేస్తే చాలు,
పక్క సీట్లో ఎవరున్నా గుండెకి అడ్డంగా
ఆవిడ ఎడమచెయ్యి.
బెల్టులు వచ్చాక కూడా.
నాకు ముప్పై నిండాక కూడా.

ఇక ఇది:
ఏటా అక్టోబరులో ఒక్క రోజు,
తాతయ్య ఉన్నప్పుడూ, పోయాకా,
పందొమ్మిదేళ్ళు,
"ఊరికే. ముప్పై ఒకటి."

అమ్మకి తెలీదు. మామయ్యకి తెలీదు.
ఎవరి పుట్టినరోజూ కాదు, ఎవరి తద్దినమూ కాదు.
ఆ రోజు అన్నం మామూలుగానే వేళకి వండి ఉండేది,
లేకపోతే మాకు గుర్తుండేది.

ఇంటి నుంచి పదిహేనున్నర మైళ్ళు
మూడు వైపులా నడిపి చూశాను.
దక్షిణాన ఒక సూపర్‌మార్కెట్ పార్కింగ్,
అప్పుడక్కడ ఏముందో.
పడమర, కంచె వేసిన రిజర్వాయరు.
ఉత్తరాన కొండ మీద, టీ అమ్మే వ్యాను ఆగే మలుపు.
వ్యానులో ఆవిడ వయసు చూస్తే
అడగొచ్చనే అనిపించింది:
చీర మీద కోటు, పొట్టి మనిషి, ఒక్కతే వచ్చేదా అని.

అడగలేదు.
ఇంజను ఆపి కూర్చున్నాను.
చక్కెర ఎక్కువైన టీ.
అద్దం అవతల ఒక గొర్రె
రోడ్డు దాటాలా వద్దా అని
ఆలోచిస్తోంది.