పోలండ్ టేబులు

గోదావరిఖని చౌరస్తా దాటి
మార్కెట్ ఎనుక సందుల రెండు మెట్లు దిగితే
సత్యం బార్ అండ్ రెస్టారెంట్.
దిగుడంటే మాకు భయమేంది,
దినాం దిగేటోళ్లమే.

ఇయ్యాల జీతాలు పడ్డయి.
మొదటి షిఫ్ట్ చేసి, ఓ కునుకు తీసి
పొద్దుగూకినంక వచ్చినం.
సబ్బు అరిగేదాక రుద్దినా
కండ్ల అంచులకు బొగ్గు పోలే.
ముగ్గురం మొగోళ్లం
కాటుక కండ్లతోని కూసున్నం.

కూలర్ పక్కన, మూలకు,
ఒక కాలు కింద సీసా మూత పెట్టిన టేబులు.
మెనూ అట్ట మీద చికెన్ మెజెస్టిక్ కింద, బోటి ఫ్రై పైన
పోలండ్ గర్జెలు, ప్లేటు నూట పది.

సురేందర్ కొత్త పోరడు, కాంట్రాక్టు, నెల కాలే దిగబట్టి.
"పోలండ్ యాడుంటదే కాకా?"
"మంచిర్యాల దాటినంక" అన్నడు పోశం
పల్లీలు నమలుకుంట.

నిజానికి యాడుంటదో నాకూ తెల్వదు.
మంచు పడ్తదట.
నేల కింద బొగ్గుంటదట.
గా రెండో ముచ్చట సాలు మాకు.

లాంగ్‌వాల్ మిషిని బిగించనీకె వచ్చిండాయన.
మూణ్ణెల్లని వచ్చి రెండేండ్లున్నడు.
యానుష్ అంటే నోరు తిరగక
జానయ్య అన్నం.
జానయ్యా అంటే పలికెటోడు.

ఒకనాడు బిల్లు ఎనుక బొమ్మ గీసిండు,
అంచులు మడిచిన సగం చందమామ.
వంట ఓదెలు తిప్పి తిప్పి చూసి
"గిది గర్జె గదనే!" అన్నడు.
తెల్లారి ఇంట్ల చెప్పకుండ
గర్జెల చెక్క ఎత్తుకొచ్చిండు.
లోపల ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, జర పన్నీరు.
మూకుడు పొయ్యి మీదెక్కంగనే
జానయ్య రెండు చేతులడ్డం పెట్టి
నీళ్లల్ల, నీళ్లల్ల అని
ఉత్త గాలిలనే ఉడకబెట్టి చూపెట్టిండు.

ఒకటి తిన్నడు. ఏమనలే.
ఇంకోటి తిన్నడు.
అద్దాలు తీసి అంగీతోని తుడుసుకున్నడు.
కారమెక్కువైందా సారూ, అని ఓదెలు.
కారం అసలు ఎయ్యనేలే.

ఆయన పోయినంక ఎల్లిపాయ కారం చేరింది,
మూకుడు మళ్ల పొయ్యెక్కింది.
గిప్పుడు గివి ఏ దేశపు గర్జెలో
ఓదెలుకే ఎరుక లేదు.

కౌంటర్ మీద మైసమ్మ పక్కన
ఆయనిచ్చిన రేకు బొమ్మ ఇంకా ఉన్నది.
గోపురం పట్టుకున్న ఆడమనిషి.
గనోళ్ల తల్లి అన్నడట.
శుక్రారం శుక్రారం
ఆమెకూ బొట్టు పెడ్తరు.

కప్పు కూలిన దినం
గట్టయ్య పైకి రాలే.
గా రాత్రి గీ టేబుల్ కాడ
కూలర్ ఒక్కటే మాట్లాడింది.
జానయ్య గ్లాసు వంచి
నేల మీద నాలుగు బొట్లు సాక పోసిండు.
మమ్ముల చూసి నేర్చిండో,
ఆళ్లకూ ఉన్నదో.
ఆళ్ల భాషల ఏదో అన్నడు.
మాకు వినవడ్డది "చెంచుబోజ".

అప్పటి సంది గీ టేబుల్ కాడ
చీర్స్ అనుడు బంద్.
అర్థం అడుగుదామనుకుంటనే ఉన్నం,
ఆయన రైలెక్కిండు.

సురేందర్ గ్లాసెత్తి "చీ..." అనంగనే
పోశం మణికట్టు పట్టుకున్నడు.
నేర్పిండు. పోరడు రెండుసార్లు తప్పు పలికిండు.
మేం అనేది మాత్రం ఒప్పని ఎవడు చెప్పిండు?

రెండు గర్జెలు మిగిలితే పేపర్ల చుట్టుకున్నడు,
రూంల తమ్ముడున్నడట.
బిల్లుకాడ కొట్లాడినం, ఎప్పటి లెక్కనే.
నేనే ఓడిపోయిన, పైసలు పోశం కట్టిండు.

లైట్లు రెండుసార్లు ఆర్పి ఎలిగిచ్చిన్రు.
లేస్తుంటే టేబుల్ ఒరిగింది,
కాలు కింది మూత జారినట్టున్నది.
పోరడు అప్పటికే మెట్ల మీదున్నడు,
చెంచుబోజ, చెంచుబోజ అని గొణుక్కుంట.
పోశం మోకాళ్లు పట్టుకొని వంగిండు,
మూత దొరకవట్టి మళ్ల కాలు కిందకు తోసిండు,
అరచేత్తోని టేబుల్ ఒత్తి చూసిండు.
ముప్పై ఏండ్ల టింబర్‌మన్ ఆయన.
సపోర్టు పెట్టకుంట
ఏ జాగనూ ఇడిసి పోడు.