కొవ్వు గురువారం మర్నాడు

బిద్‌గోష్చ్ ఆస్పత్రి కింది అంతస్తులో
ఉదయం ఏడుంపావు.
సీసపు డబ్బా దిగింది,
తెచ్చిన వ్యాను బానెట్ మీద మంచు ఇంకా కరుగుతోంది.
డబ్బాలో ఉన్నది చక్కెరే,
కాకపోతే పలుకు పలుక్కీ ఒక దీపం కట్టి ఉంటుంది.
నూట పది నిమిషాలకోసారి
సగం దీపాలు కొండెక్కుతాయి.
బతిమాలినా ఆగవు.

మొదటి పేరు మిరోస్వావా పావ్లాక్.
ముప్పయ్యొక్కేళ్లు ట్రామ్ నడిపిన మనిషి.
"రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు"
అంది, నేనడక్కముందే.
వేలి కొన మీద సూది.
మీటరు ఒక్క క్షణం ఆలోచించి
రెండు వందల అరవై ఎనిమిది అంది.

ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

నిన్న కొవ్వు గురువారం.
నలభై రోజుల ఉపవాసాలు రాబోతున్నాయని
దేశం దేశమంతా మూకుడు పొయ్యి మీద పెట్టే రోజు.
గులాబీ జామ్ కూరిన పోంచ్కీల కోసం
బేకరీల ముందు చీకటితోనే బారులు.
నేనూ మూడు తిన్నాను. ఆ మాట చెప్పలేదు.

"ఒక్కటి," అంది మిర్కా. "అదీ సగం."
కాసేపాగి,
"డిపోలో పెట్టె నిండా తెచ్చారు. నాలుగు.
ఆఖరిది ఇవాళ తెల్లారుజామున,
లైటు వెయ్యకుండా, సింకు దగ్గర నిలబడి.
పారెయ్యబుద్ధి కాలేదు."

ఇన్సులిన్ పొడవచ్చుగా అని అడిగింది.
పొడిస్తే కండరాలన్నీ ఒక్కసారి తలుపులు తీస్తాయి,
దీపాలన్నీ తొడల్లోకి, గుండెలోకి దూరిపోతాయి.
బొమ్మలో మీ బలం కనబడుతుంది.
మేం వెతికేది కనబడదు.

పోనీ, ఇలాగే ఎక్కిస్తే?

నాకు డాక్టర్ల మాటలు చేతకావు.
కడుపు నిండినవాణ్ణి విందుకి పిలిస్తే
పళ్లెం వంక చూస్తాడా, అనబోయాను.
ఆవిడే అందుకుంది:
"అంటే, బండి అప్పటికే కిక్కిరిసిపోయింది.
దీపాలు పట్టుకున్నవాళ్లు స్టాపులోనే మిగిలిపోయారు.
ఇన్‌స్పెక్టరేమో దీపాలే లెక్కపెడతాడు,
ఈ లైన్లో ఎవరూ లేరని రాసుకుపోతాడు."

అంతే.
లేరని రాసుకుపోవడమే భయం.

తొమ్మిదింటికి మళ్లీ గుచ్చాను. రెండు వందల ముప్పయ్యొకటి.
ఆమె వాటా దీపాలు అప్పటికి సగానికి సగం.
ఉన్నవాటిని తర్వాతి పేరుకి ఇచ్చేశాం,
వితోల్ద్ అని, మాట్లాడని మనిషి. ఆయనది తొంభై నాలుగు.
మిర్కా కోటు గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుంటూ
"అచ్చిరావాలి ఆయనకి" అంది.

మంగళవారం వచ్చింది. బయట మైనస్ తొమ్మిది.
నూట పదిహేడు.
దుప్పటి కప్పి, దీపాలు ఎక్కించి,
గంటసేపు కదలొద్దు, పెదవి విప్పొద్దు అన్నాను.
కదల్లేదు.

తెర మీద మిర్కా.
మెదడు తిండిపోతు, ఎప్పటిలాగే భగభగ.
మూత్రాశయం నిండా వెలుగు, అదీ మామూలే.
మెడకి రెండు పక్కలా రెక్కల్లాంటి మెరుపు:
ట్రామ్ స్టాపులో చలికి మేలుకున్న కొవ్వు.
గొంతులో పక్కపక్కన రెండు సన్నటి గీతలు.
మాట్లాడొద్దన్నానా,
దుప్పటి కింద తనలో తను
స్టాపుల పేర్లు వరసగా చెప్పుకుంటూనే ఉందన్నమాట.

ఎడమ చంకలో ఒకటుంది.
శనగగింజంత.
దాని సంగతి చెప్పడం నా పని కాదు.

బూట్లు తొడుక్కుంటూ అడిగింది,
"ఈసారి ఎక్కారా అందరూ?"
ఎక్కారన్నాను.
ఎక్కడెక్కడ దిగారో డాక్టరు చెబుతారన్నాను.
ఆమె నా మొహంలోకి చూసింది,
ఎర్ర లైటు దగ్గర చూసినట్టు, తొందర లేకుండా.
తర్వాత సంచిలోంచి రొట్టె ముక్క తీసి
అక్కడే, గడప మీద నిలబడి, కొరికింది.