రెండు ముళ్ల పొట్లం

నిన్నటి కాలు ఇంకా సగం అట్లాగే ఉంది,
స్టీలు తాంబాళంలో,
కొవ్వు తెల్లగా గడ్డకట్టి.
మూడు కిలోల వేట కాలు.
పెరుగూ పచ్చిబొప్పాయీ మిరియాలూ పట్టించి
రాత్రంతా నానబెట్టి
మెట్టుగూడ బేకరీ భట్టీలో కాల్పించుకొచ్చాం,
ప్లమ్ కేకు ట్రేల మధ్య జాగా కోసం
మా ఆయన గంటన్నర నిలబడ్డాడు.

పదహారు మంది అనుకుంటే పది మందే వచ్చారు.
కాజీపేట బండి లేటు,
మరిదికి నైట్ డ్యూటీ,
చర్చి నుంచి వచ్చిన పాటల పిల్లలు
కేకుతోనే కడుపు నింపుకున్నారు.

అందుకని ఈ పొద్దు
నేనూ, కత్తీ, బొక్కా.

కత్తిని బొక్క వెంబడి పోనివ్వాలి,
అదే దారి చూపిస్తుంది.
పెద్ద ముక్కలు ఒక పక్క, చిన్నా చితకా కట్లెట్లకి.
బొక్కలు కుక్కర్లో, ఐదు విజిళ్లు.
పొడిగా పెడితే ఐసు మాంసాన్ని తాగేస్తుంది,
డబ్బాకి రెండు గరిటెల గ్రేవీ పొయ్యాలి.
పూటకి ఎంతో అంతే సర్దాలి.
ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డ కట్టించకూడదు
(మా ఆయన అలకకీ ఇదే సూత్రం).

పీట మీద వెల్లుల్లి ఒలుస్తూ
అత్తమ్మ దీవెనమ్మ అంటుంది:
"ఐసుల వెట్టిన కూరకు
దాని పేరు దానికే యాదుండదు.
మా కాలంల దండెం మీద తునకలు ఎండేసినం.
ఉప్పు, పసుపు, ఎండ.
కరెంటు బిల్లు రాలే."

"ఇది కాల్చింది అత్తమ్మా, ఎండదు."

"అదే నేననేది. గంత పెద్ద కాలు
ఎందుకు కాల్చాలె?"

ఆ ప్రశ్న పట్టే డబ్బా
నా దగ్గర లేదు.

మూతల మీద మార్కరుతో రాశాను:
26-12 ముక్కలు. 26-12 కట్లెట్లకి.
అంట్లు తోమే సాయమ్మకి ఒకటి ఇవ్వబోతే
నవ్వింది.
"నా దాని మీద తారీకు రాయకమ్మా,
రాత్రికి ఉండది."

ఇక ఫ్రీజరు.
ఒంటి తలుపు ఫ్రిజ్జు,
లోపల మౌలాలి గుట్టంత మంచు.
గరిటె కాడతో తవ్వుతుంటే
ఐసు ట్రే వెనకాల
టక్కున తగిలింది.

కడిగి ఆరబెట్టిన పాల కవరు,
తెల్ల కుట్టుదారం,
రెండు ముళ్లు.
తారీకు లేదు.

ఈ ఇంట్లో అట్లా ముడి వేసేది ఒక్కరే.
కొంగున బస్సు చార్జీకీ కానుక పైసలకీ వేసే ముడి:
ఒకటి గట్టిగా,
దాని మీద ఇంకొకటి అనుమానంగా.

విప్పితే
ఒకదానికొకటి అంటుకున్న చిట్టి చిట్టి ఆకులు,
నల్లబారిన ఆకుపచ్చ.
వాసనకే పళ్లు పులిశాయి.
చింతచిగురు!
ఏప్రిల్లో రైల్వే గ్రౌండు గోడ పక్కన
ఆమె కర్రతో వంచి దూసుకొచ్చినది.
ఎనిమిది నెలలుగా
మా కరెంటు తింటున్నది.

"అత్తమ్మా?"

వెల్లుల్లి పొట్టు ఊదుతోంది.
పొట్టు అంతా ఎగిరిపోయాక కూడా
ఊదుతూనే ఉంది.
"ఎవలు వెట్టిన్రో" అంది.
"పోరలు వెట్టిన్రేమో."

మా పోరలకు
చింతచిగురుకీ మెంతికూరకీ తేడా తెలియదు.

నేనేమీ అనలేదు.
మూకుడు పెట్టాను.
నూనె, ఎండుమిర్చి, ఆమె వెల్లుల్లి,
డబ్బాల్లో పట్టని రెండు గుప్పిళ్ల మాంసం,
పైన సగం చిగురు.
భట్టీ పొగ మీద ఏప్రిల్ పులుపు పడి
ఇల్లంతా నోరూరింది.
మా ఆయన అడక్కుండానే పళ్లేలు కడిగాడు.
అత్తమ్మ రెండుసార్లు వడ్డించుకుంది,
మూడోసారి నా వైపు చూడకుండా.

పొద్దున్నే పాలు పెడదామని తెరిస్తే
నా తారీకుల డబ్బాల నెత్తిన
సగం చిక్కిన పాల కవరు,
అదే దారం,
అవే రెండు ముళ్లు.

కరిగినదాన్ని మళ్లీ గడ్డ కట్టించకూడదని
చెప్పడానికి నోరు తెరిచి
మూసుకున్నాను.
కవరు తుడిచి, మార్కరు తీసి
పెద్దక్షరాలతో రాశాను:

27-12
ఎవలు వెట్టిన్రో.