దూరం గడి

వార్డో నుంచి బోట్స్‌ఫ్యోర్డ్‌కి
గాల్లో యాభై ఎనిమిది కిలోమీటర్లు,
పద్దెనిమిది నిమిషాలు.
రోజుకి నాలుగుసార్లైనా చెబుతాను ఫోన్లో,
పీతల ధర చెప్పినట్టు.

రోడ్డు మీదైతే రెండొందల ముప్ఫై,
అదీ కొండ మీద మంచు ఒప్పుకుంటే.
ఫిబ్రవరిలో అది దేనికీ ఒప్పుకోదు.

ఇక్కడ టికెట్ చూసేది నేనే.
పెట్టె తూచేదీ నేనే.
కౌంటర్ చుట్టూ తిరిగొచ్చి, నీలం కోటు తొడుక్కుని
జేబులు తడిమేదీ నేనే.
"ఈ సంచి మీరే సర్దుకున్నారా?"
ముప్ఫై ఏళ్లుగా ఎరిగిన ఒడ్వార్‌ని
కొత్తవాణ్ణి అడిగినట్టే అడగాలి. రూలు.
"ఇంకెవరు సర్దుతారు సిసెల్?"
నిన్న పెట్టించుకున్న కట్టుడు పళ్లు ఇంకా కుదురుకోలేదు,
నా పేరులోని సకారాలు రెండూ ఈలేశాయి.

మూడున్నరకి ఎగిరింది.
ముప్ఫై తొమ్మిది సీట్లు, అయిదుగురు మనుషులు,
ఎప్పుడో పడిపోయిన చీకటి.
కాఫీ పోసుకున్నాను.
అది చల్లారేలోపు వాళ్లు దిగిపోవాలి,
నా లెక్క అంతే.

కప్పు చల్లారింది.
అడ్డగాలి, అంది రేడియో.
మళ్లీ ప్రయత్నిస్తున్నారు, అంది.
ఆ తర్వాత చాలాసేపు గరగర.
వెనక్కొస్తున్నారు.

ఎక్కిన మెట్ల మీంచే దిగాడు ఒడ్వార్,
నలభై ఏడు నిమిషాలు పెద్దవాడై.
బెంచీ మీద కూర్చుని చేతి తొడుగులు విప్పి
మళ్లీ తొడుక్కున్నాడు.
"మా ఇంటి మీదుగానే వెళ్లాం. రెండుసార్లు.
కూతవేటు దూరం.
వంటింట్లో లైటు వెలుగుతూనే ఉంది."
కాసేపాగి,
"ఆర్పేసే వచ్చాననుకున్నాను."
ఆ ఇంట్లో ఉండేది అతనొక్కడే.

నాకు ఫారం పని ఉంది.
బయల్దేరిన చోటు, వార్డో.
చేరిన చోటు, వార్డో.
సమయం రాశాను.
దూరం గడి దగ్గర పెన్ను ఆగింది.
యాభై ఎనిమిదిని రెండుతో హెచ్చించాలా,
సున్నా చుట్టాలా,
అతని పెంకుల మీద తిరిగిన ఆ చుట్లు
ఎవరి ఖాతాలో వెయ్యాలి?
ఈ గడి గీసినవాడు ఓస్లోలో ఎక్కడో ఉంటాడు.
అతని విమానాలు దిగుతాయి.

ఖాళీగా వదిలేసి తాళాలు తీసుకున్నాను.
"మా సోఫా మీద పడుకుందువు గాని, పద."

మా ఊరు దీవి. కారు సొరంగంలోకి దిగింది,
ఎనభై ఎనిమిది మీటర్లు, సముద్రం అడుక్కి.
గంట కిందట ఇతను ఇదే సముద్రానికి పైన ఉన్నాడు.
చెవులు మూసుకున్నాయి, ఇద్దరికీ.
పైకప్పు నుంచి ఓ చుక్క అద్దమ్మీద పడింది.

"రేపు ఎన్నింటికి?"
"తొమ్మిదీ పదికి."
"ఎంతసేపు పడుతుంది?"

జవాబు నోటిదాకా వచ్చింది,
అలవాటు మీద.
"ఆ పళ్లు తీసి జేబులో పెట్టుకో," అన్నాను,
"నొప్పి తగ్గుతుంది."