పక్కకు తిరిగి పడుకోండి

ఉస్మానియా, పన్నెండో నంబరు గది.
ఇక్కడ ముఖాలతో పని లేదు.
పద్దెనిమిదేళ్ళుగా ఈ నగరాన్ని
వెనక నుంచే చూస్తున్నాను.

అంగీ పైకి లాగితే చాలు
వీపు తన సంగతి తానే చెప్పుకుంటుంది.
మొలతాడు ఒరిసిన నల్లటి గీత,
శాలిబండలో పెట్టించుకున్న హిజామా గుండ్రాలు,
చెయ్యి అందని చోట
ఎండి మిగిలిన సబ్బు నురగ.
ఎవరికి వారు ఎన్నడూ చూసుకోని చోటు కదా,
అబద్ధమాడటం దానికి చేతకాదు.

ఇవ్వాళ పదకొండింటికి
మలక్‌పేట గంజ్ నుంచి గాలయ్య.
ఉల్లిగడ్డ పొట్టొకటి ఇంకా చెవి వెనకే ఉంది.
"కాలంత తిమ్మిరమ్మా,
బొటనేలు దాక కరెంటు గుంజుతది."

తల వంచమన్నాను.
మెడ కింద పొడుచుకొచ్చిన ఏడో పూస
నా వేళ్ళకు మైలురాయి.
అక్కడి నుంచి పన్నెండు,
పక్కటెముకల్ని చెరోవైపు పట్టుకుని దిగుతాయి.
వాటి కింద అయిదు,
పట్టుకోవడానికి ఏ ఎముకా లేనివి,
మొత్తం మనిషిని మోసేవి.
పూసలంటాం గానీ
ఈ దండ మెడలో వేసుకునేది కాదు,
మెడే ఇందులోంచి మొదలవుతుంది.

లోపల దాగినదాన్ని పామన్నారు.
ఆ పాము నడుము దాకా వచ్చీరాకముందే
దారాలు దారాలుగా విడిపోతే
గుర్రపు తోకన్నారు.
పేరు పెట్టినవాళ్ళకు
ఏ ఒక్క జంతువూ చాలలేదు.

పూసకూ పూసకూ నడుమ మెత్తటి బిళ్ళ.
ఎండాకాలం నయాపూల్ పక్కన
బొటనవేలు గుచ్చితే నీళ్ళు చిమ్మే
తాటిముంజ లాంటిది.
పగలంతా బరువుకు పిండుకుపోయి
రాత్రి మనం నడుం వాల్చాక
గుటక గుటకగా నీళ్ళు తాగుతుంది.
అందుకే పొద్దున లేచేసరికి
ప్రతి మనిషీ గోరంత పొడుగు.
గాలయ్య రోజూ ఆ గోరంతను
బస్తాలతో పాటు గంజ్‌లో దించి వచ్చాడు,
ముప్పై అయిదేళ్ళు.
అన్ని రాత్రులూ తిరిగివ్వలేదు.

"పక్కకు తిరిగి పడుకోండి.
మోకాళ్ళు ముడవండి.
ఊపిరి బిగబట్టండి."
లారీ కింద వీపు ఒగ్గినప్పటిలా బిగబట్టాడు.
వదలమన్నా కాసేపు వదల్లేదు.

తెర మీద తెల్లగా తేలింది.
ఎక్స్‌రేలో ముంజ కనపడదు,
ముంజ ఉన్నంత మేర ఖాళీ కనపడుతుంది.
నాలుగుకూ అయిదుకూ మధ్య
ఆ ఖాళీ కూడా ఖర్చయిపోయింది.
పూసల అంచులకు చిలకముక్కుల్లా కొత్త ఎముక,
ఎవరూ అడక్కుండానే
ఒళ్ళు తనకు తాను కట్టుకున్న గుంజ.

నా వెనక నిలబడి తొంగి చూశాడు.
"ఇదంత నాదేనా?
మరి బస్తాలేవమ్మా,
ఒక్కటి గూడ పడలే?"

ఏం చెప్పాలో తోచక
సీసం కోటు విప్పి కొక్కేనికి తగిలించబోయాను.
అందుకున్నాడు.
అరచేతుల్లో ఒక్కసారి తూగనిచ్చి
"ఆరున్నర కిలోలు" అన్నాడు.
డబ్బా మీద రాసి ఉన్నదీ అంతే.

"దీన్నంత బుజాల మీదనే మోస్తున్నవ్, తప్పది.
బరువు మెడకియ్యొద్దమ్మా, తుంటికియ్యాలె.
నడుముకు గట్టిగ కట్టు, సగం దిగుతది."
తన ఎర్ర తువ్వాలతో
ముడి ఎక్కడ పడాలో కట్టి చూపించాడు.
మూడో అంతస్తులో డాక్టరు
ఇతని చీటీ మీద ఏం రాస్తాడో నాకు తెలుసు,
బరువులెత్తరాదు.
చెప్పలేదు.
లిఫ్టు పనిచేయడం లేదని మాత్రం చెప్పాను.
మెట్ల దగ్గర గోడ పట్టుకుని ఆగాడు,
మళ్ళీ కదిలాడు.

మళ్ళీ కోటు తొడుక్కున్నాను.
చున్నీ తీసి దాని మీంచి
అతను చూపించిన చోటే ముడి వేశాను.
బరువు ఒక మెట్టు కిందికి దిగి కూర్చుంది.
పద్దెనిమిదేళ్ళలో నా వెన్ను ఫోటో
నేనెన్నడూ తీయించుకోలేదు.

"తర్వాతెవరు?" అన్నాను.
బయట బల్ల కిర్రుమంది,
ఎవరో నడుం పట్టుకుని
మెల్లగా లేస్తున్నారు.