చమురు పని

పొదలకూరు నిమ్మతోటలో
రాత్రి పదకొండుకి వచ్చింది త్రీ-ఫేజ్ కరెంటు.
మోటారేసి వచ్చిన మాలకొండయ్య
నా సీసాలోకి తొంగి చూశాడు.
"ఎవురు పోస్తారమ్మా దీనికి చమురు?"

నవ్వబోయి ఆగాను.
వేరు దగ్గరే తవ్వాడు.

మిణుగురుని వెలిగించే ఈ ఎంజైము
దీపం కాకముందు చేసింది చమురు పనే.
పురుగు ఒంట్లో కొవ్వు ముక్కకి
ముడేసి ముందుకి తోలే
వంటింటి చాకిరీ.

ఎప్పుడో ఆ జన్యువుకి
పొరపాటున ఇంకో నకలు పడింది.
ఒకటి పాత పనిలోనే ఉండిపోయింది.
రెండోదాన్ని అడిగేవాళ్ళు లేరు.
తరాలు పోయేకొద్దీ అక్కడొక అక్షరం, ఇక్కడొకటి
తప్పిపోతూ తప్పిపోతూ
లోపలి సందు కాస్త వెడల్పై
వేరే సరుకొచ్చి కూర్చుంది అందులో.
ముందు మసకగా.
కోట్ల ఏళ్ళు.

ఇదంతా చెప్పలేదు.
"ఒకప్పుడు చమురు పనే చేసేదిలే ఇది" అన్నాను.
"మా తాతదీ గానుగే.
నా కాడికొచ్చేసరికి మోటారు."

సీసా మూత తీశాను.
మూడు ఎగిరాయి. నాలుగోది
అంచునే కూర్చుని
వెలిగి, ఆరి,
నిన్న పిందెల మీద కొట్టిన మందు వాసనలో
అవతలి గట్టుకేసి
మళ్ళీ వెలిగి.